వీధిలో పదిమంది కూర్చునే చోటు ఎలా ఏర్పాటు చేసుకోవాలి?

పాత ఊళ్లలో రావిచెట్టు చుట్టూనో వేపచెట్టు చుట్టూనో కట్టిన రచ్చబండ ఉండేది. అది కాక దాదాపు ప్రతి ఇంటి ముందూ వీధి అరుగు ఉండేది. పట్టణాలలో గజం ధర పెరిగిన కొద్దీ అరుగులు పోయి, వాటి చోట ప్రహరీ గోడ, ఇనుప గేటు, రోడ్డు మీదికి చొచ్చుకొచ్చిన ర్యాంపు వచ్చాయి. ఒకే వీధిలో పదేళ్లుగా ఉంటున్నా ఎదురింటివారి పేరు తెలియకపోవడానికి మనుషుల స్వభావం మారిపోవడం కారణమని చాలామంది అంటారు కానీ, ఆగి మాట్లాడుకోవడానికి చోటు లేకపోవడమే అంతకన్నా పెద్ద కారణమని నా నమ్మకం. 1960ల చివర అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే నగర రూపకల్పన నిపుణుడు పక్కపక్కనే ఉన్న మూడు వీధులను పరిశీలించాడు. వాహనాలు తక్కువగా తిరిగే వీధిలో ఒక్కొక్కరికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులు ఉన్నారని, వాహనాలు ఎక్కువగా తిరిగే వీధిలో ఆ సంఖ్య ఒకటికి కూడా చేరలేదని ఆయనకు తేలింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాలలోని సాధారణ కాలనీలలో, బస్తీలలో ఇరవై నుంచి నలభై అడుగుల వెడల్పున్న వీధులను దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను. ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది వరుస. మొదట చూడాలి, తరువాత కూర్చోవాలి, ఆ పైనే కట్టాలి. ఈ వరుస తిరగబడినచోట ఏమవుతుందో మా వీధిలోనే చూశాను. ఎంతో ఉత్సాహంతో చందాలు పోగుచేసి నాలుగు సిమెంటు బెంచీలు వేయించాము. సాయంత్రం ఎండ నేరుగా ముఖాన కొట్టే దిక్కుకు, రోడ్డు వైపు తిరిగి, ఒకదానికొకటి దూరంగా ఉన్న ఆ బెంచీల మీద ఏడాది తిరిగినా ఎవరూ కూర్చోలేదు. వాటికి ఇరవై గజాల దూరంలో, ఇస్త్రీ బండి పక్కనున్న వేపచెట్టు కింద మాత్రం ప్రతిరోజూ ఆరేడుగురు నిలబడి మాట్లాడుకునేవారు. వారిని మేము ముందే గమనించి ఉంటే ఆ డబ్బు వృథా అయ్యేది కాదు.

మొదటి పని: వారం రోజులు చూడండి

ఒక నోటు పుస్తకంలో మీ వీధి పటాన్ని చేత్తో గీసుకోండి. ఇళ్లు, చెట్లు, కరెంటు స్తంభాలు, సైడు కాలువలు, మ్యాన్‌హోళ్లు, కొళాయిలు, దుకాణాలు, తోపుడు బండ్లు ఆగే చోట్లు అందులో గుర్తించండి. ఆ తరువాత ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు, మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది వరకు ఎవరు ఎక్కడ ఆగుతున్నారో రాసుకోండి. ఆ వారంలో రెండు మామూలు రోజులు, ఒక ఆదివారం ఇలా చూస్తే సరిపోతుంది. పాల ప్యాకెట్ల దుకాణం ముందు, స్కూలు బస్సు ఆగే మలుపులో, కూరగాయల బండి వచ్చే చోట, నీళ్ల ట్యాంకరు ఆగే చోట మనుషులు కాసేపు నిలబడతారు. అలా నిలబడే చోట కూర్చునే వీలు కల్పించడం సులభమైన పని. ఎవరూ ఆగని చోటికి మనుషులను రప్పించడం మాత్రం చాలా కష్టం.

పండుగలు ఈ పరిశీలనకు ఎంతో సాయపడతాయి. తెలంగాణలో ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల వరకు ఆడవారు బతుకమ్మలను ఏ కూడలిలో పెట్టి ఆడుతున్నారో చూడండి. ఆంధ్ర ప్రాంతంలో భోగి మంట ఎక్కడ వేస్తారో, వినాయక చవితి పందిరి ఎక్కడ వేస్తారో గుర్తుచేసుకోండి. నలుగురూ చేరడానికి వీలైన చోటును మీ వీధి ఏళ్ల క్రితమే ఎంచుకుని ఉంటుంది, మీరు దానిని మెరుగుపరిస్తే చాలు.

ఎవరు కనిపించడం లేదో కూడా రాసుకోండి. పాత రచ్చబండను మనం ప్రేమగా తలచుకుంటాము కానీ, దాని మీద అందరూ కూర్చోలేదన్నది నిజం. కులం పేరుతో కొందరు దూరంగా నిలబడ్డారు, ఆడవారు అటుగా తల వంచుకుని వెళ్లారు. ఇప్పుడు కట్టేది అలా ఉండకూడదు. మీ పుస్తకంలో ఆడపిల్లలు, ఇళ్లలో పనిచేసేవారు, వాచ్‌మెన్ కుటుంబాలు, చక్రాల కుర్చీ వాడేవారు ఒక్కసారి కూడా నమోదు కాకపోతే, వారిని స్వయంగా కలిసి ఎందుకు ఆగడం లేదో అడగండి. ‘వెలుతురు లేదు’, ‘అక్కడ మగవాళ్లు సిగరెట్లు తాగుతుంటారు’, ‘మేము కూర్చుంటే ఏమైనా అంటారేమో’ వంటి జవాబులు వస్తాయి. మీరు చేయవలసిన పనుల జాబితాలో సగం ఆ జవాబులలోనే ఉంటుంది.

రెండో పని: స్థలం ఎవరిదో తేల్చుకోండి

అనుమతి పొందిన లేఅవుట్లలో పార్కు, ఆటస్థలం వంటి ఉమ్మడి అవసరాలకు సాధారణంగా పది శాతం స్థలం వదిలి, దానిని స్థానిక సంస్థకు అప్పగిస్తారు. మీ కాలనీలో ఆ స్థలం ఎక్కడుందో, దాని కొలతలు ఎంతో తెలియాలంటే లేఅవుట్ ప్లాను నకలు కావాలి. పట్టణ ప్రణాళికా విభాగంలో అడిగినా దొరకకపోతే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. ముప్పై రోజులలో జవాబు ఇవ్వవలసిన బాధ్యత ఆ కార్యాలయానిది. ఖాళీగా కనిపించినంత మాత్రాన అది ప్రజల స్థలమని అనుకోకండి. ఎవరి ప్లాటులోనో చెట్టు నాటి, అరుగు కట్టి, చివరకు కోర్టు నోటీసు అందుకున్నవారు ఉన్నారు.

మీరు ఎంచుకున్నది రోడ్డు అంచు అయితే అది పురపాలక సంస్థది. అక్కడ శాశ్వతంగా ఏది కట్టినా కమిషనరు రాతపూర్వక అనుమతి ఉండాలి. దరఖాస్తుకు చేతిగీత పటం, ఫొటోలు, ఆ స్థలానికి ఆనుకుని ఉన్న ఇళ్లవారి సంతకాలు జతచేయండి. తెలంగాణలో హైదరాబాదు మహానగరం మినహా మిగిలిన పట్టణాలకు వర్తించే 2019 నాటి మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డులోనూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరుల పేరిట పదిహేనేసి మందితో నాలుగు కమిటీలు ఉండాలని చెబుతోంది. పురపాలక బడ్జెట్‌లో పది శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలని కూడా అదే చట్టం అంటోంది. చెట్ల పనికి నిధులు అడిగేటప్పుడు ఈ నిబంధనను ప్రస్తావించండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే వార్డు సచివాలయం నుంచి మొదలుపెట్టడం మేలు.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. అరుగు సిద్ధమయ్యే వేళకు దాని మీద గుడి కడదామనో, ఫలానా నాయకుడి విగ్రహం పెడదామనో ఎవరో ఒకరు ప్రతిపాదిస్తారు. బహిరంగ స్థలాలలో అనుమతి లేని ప్రార్థనా కట్టడాలు కొత్తగా వెలవకుండా 2009లోను, రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వకుండా 2013 జనవరిలోను సుప్రీంకోర్టు ఆదేశాలు ఇచ్చింది. ఈ సంగతిని మొదటి సమావేశంలోనే అందరికీ చెప్పి, తీర్మానంగా రాసుకుంటే తరువాత ఎవరి మనసూ నొచ్చుకోదు.

మూడో పని: కట్టకుండా మూడు నెలలు కూర్చోండి

మీరు గుర్తించిన చోట సాయంత్రం అయిదున్నరకు ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, రెండు నులక మంచాలు వేయండి. రాత్రి తొమ్మిదికి తీసి దగ్గరి ఇంట్లో పెట్టండి. కదిలే కుర్చీలతో ఒక పెద్ద లాభం ఉంది. మనుషులు వాటిని తమకు నచ్చిన దిక్కుకు జరుపుకుంటారు, నీడ జరిగితే తామూ జరుగుతారు. రాత్రి కుర్చీలు తీసే ముందు అవి ఏ వైపు తిరిగి ఉన్నాయో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. మూడు నెలల తరువాత ఆ ఫొటోలను వరుసగా చూస్తే, అరుగు ఎక్కడ ఏ ఆకారంలో కట్టాలో మేస్త్రికి చూపించగలుగుతారు.

వేసవిలో మొదలుపెడితే అదే చోట చలివేంద్రం పెట్టండి. రెండు కుండలు, మూతలు, పొడవాటి పిడి ఉన్న గరిటె, తాటాకు పందిరి చాలు. దాహానికి ఆగినవారు రెండు మాటలు మాట్లాడకుండా వెళ్లరు. పైగా కుండలు నింపే వంతు వేసుకోవడంలోనే పది ఇళ్ల మధ్య రాకపోకలు మొదలవుతాయి. కార్తీక మాసంలో వనభోజనాలకు ఊరి బయటికి వెళ్లే బదులు ఒక ఆదివారం ఇంటికొక వంట తెచ్చుకుని వీధిలోనే బంతి భోజనం పెట్టుకోవచ్చు. దినపత్రికలు రెండు తెప్పించి గోడ మీద చెక్క చట్రంలో పెడితే ఉదయపు వేళ పెద్దవారు వస్తారు. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన నేల ఇది, నలుగురు చేరి పత్రిక చదువుకోవడం మనకు కొత్త అలవాటు కాదు.

చెత్త కుప్పగా మారిన మూల మీ వీధిలో ఉంటే, ప్రయోగానికి అంతకన్నా మంచి చోటు లేదు. కుప్ప తీయించిన రోజే అక్కడ కడిగి, ముగ్గు వేసి, మొదటి రెండు వారాలు ఉదయం చెత్త వేసే వేళకు ఇద్దరు అక్కడే కూర్చోవాలి. వచ్చినవారితో తగువు పడకుండా చెత్త బండి వచ్చే సమయం చెప్పి పంపండి. మనుషులు కూర్చుని ఉన్న చోట చెత్త వేయడానికి ఎవరికీ చెయ్యి రాదు.

నాలుగో పని: వాహనాలతో ఒప్పందం

ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద గొడవ పార్కింగుతో వస్తుంది. ఒక కారు ఆగడానికి ఎనిమిది అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు కావాలి. ఆ మేరలోనే పదిమంది ఎదురెదురుగా కూర్చోవచ్చు. ఈ లెక్కను మాటలలో చెప్పడం కన్నా, ఒక ఆదివారం కారు తీసిన చోట చాపలు పరిచి చూపించండి. కారు యజమానిని శత్రువుగా చూడకండి. ఆ వాహనానికి వేరే చోటు చూపించి, మూడు నెలలకే ఒప్పుకోమని అడిగితే చాలామంది కాదనరు.

వారానికి ఒక పూట వీధిని వాహనాలకు మూయాలనుకుంటే ట్రాఫిక్ పోలీసుల అనుమతి కావాలి. 2013లో గురుగ్రామ్‌లో ‘రాహగిరి’ పేరుతో ఆదివారం ఉదయాలు రోడ్లను నడిచేవారికి వదిలారు. 2021 ఆగస్టు చివర నుంచి హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలను ఆపి జనానికి ఇచ్చారు. అంత పెద్ద రోడ్డుకు సాధ్యమైనప్పుడు మీ సందుకు రెండు గంటలు అడగడం అత్యాశ కాదు. అయితే అంబులెన్సుకు, అగ్నిమాపక వాహనానికి కనీసం పన్నెండు అడుగుల దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. అడ్డుగా పెట్టేవి ఒక్క మనిషి తీసేయగలిగిన బరువుకు మించకూడదు.

వేగం తగ్గించడానికి కాంక్రీటు ముద్దలతో సొంత స్పీడు బ్రేకర్లు వేసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. రోడ్ల ప్రమాణాలను సూచించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రని బ్రేకరు వాహనం వెళ్లే దిశలో సుమారు పన్నెండు అడుగుల వెడల్పుతో, పది సెంటీమీటర్ల ఎత్తుతో ఉంటుంది. మనం వేసుకునే ఇరుకు గట్లు గర్భిణుల, వృద్ధుల నడుములు విరిచేలా ఉంటాయి, రాత్రివేళ ద్విచక్ర వాహనాలను పడగొడతాయి. దానికి బదులు కూడలిలో పెద్ద ముగ్గును రంగులతో వేయవచ్చు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో 1996లో ఒక పేట జనం కూడలిలో ఇలాగే బొమ్మ వేసి, పక్కన పుస్తకాల పెట్టె, టీ చోటు పెట్టుకున్నారు. మొదట అభ్యంతరం చెప్పిన నగరపాలక సంస్థ తరువాత అటువంటి పనులకు అనుమతి పద్ధతినే ఏర్పరచింది. మన ఆడవారికి ఈ విద్య పుట్టుకతో వచ్చినట్టే కదా! రంగులో సన్నటి జల్లెడ ఇసుక కలపడం మరచిపోకండి, లేకపోతే మొదటి వానకే బండ్లు జారుతాయి. రోడ్డు గీతలని పొరబడేలా తెలుపు, పసుపు చారలు వేయకండి.

అయిదో పని: అరుగు కట్టడం

ఇప్పుడు మేస్త్రిని పిలవవచ్చు. అరుగు ఎత్తు అడుగున్నర ఉంటే పెద్దలకు, పిల్లలకు ఇద్దరికీ సరిపోతుంది. కాళ్లు వేలాడేసి కూర్చునే బల్ల మాత్రమే అయితే అడుగున్నర లోతు చాలు. కానీ మనవారికి బాసింపట్టు వేసుకుని కూర్చునే అలవాటు ఉంది కాబట్టి, వీలైతే మూడు అడుగుల లోతు పెట్టండి. అప్పుడు రెండు వైపులా కూర్చోవచ్చు, మధ్యలో చదరంగం బల్ల పెట్టుకోవచ్చు, చంటిపిల్లను పడుకోబెట్టవచ్చు. కనీసం ఒక భాగానికి వీపు ఆనుకునే గోడ, లేచేటప్పుడు పట్టుకునే పిడి ఉండాలి. మోకాళ్ల నొప్పులున్నవారు ఆ పిడి లేని బల్ల మీద కూర్చోవడానికే భయపడతారు. అరుగు పక్కన చక్రాల కుర్చీ నిలపడానికి మూడు అడుగుల చదునైన ఖాళీ వదలండి.

ఆకారం వరుసగా కాకుండా మూలమట్టంగా (ఇంగ్లీషు L అక్షరంలా) గాని, ఎదురెదురుగా ఆరు అడుగుల దూరంలో గాని ఉండాలి. ఒకే వరుసలో కూర్చున్నవారు రోడ్డును చూస్తారు, ఎదురెదురుగా కూర్చున్నవారు ఒకరినొకరు చూసుకుంటారు. సాయంత్రం నాలుగు గంటలకు చెట్టు నీడ తూర్పు వైపుకు పడుతుంది కనుక, సాయంకాలం వాడే అరుగు చెట్టుకో గోడకో తూర్పున ఉండాలి. పై పరుపుకు షాబాదు బండ లాంటి లేత రంగు రాయి మేలు. నల్ల కడప బండ చూడడానికి అందంగా ఉంటుంది కానీ, వేసవిలో పొద్దుగుంకిన తరువాత కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. వాన నీరు నిలవకుండా అరంగుళం వాలు ఇవ్వండి. అంచులను గుండ్రంగా అరగదీయించండి, పిల్లలు పరుగెత్తే చోట పదునైన రాతి మూల ప్రమాదం. మ్యాన్‌హోల్ మీద గాని, మంచినీటి పైపు మీద గాని అరుగు కట్టకూడదు. కాలువ మీద వేసే బండలు ఇద్దరు మనుషులు లేపగలిగే ముక్కలుగా ఉండాలి. వాటిని సిమెంటుతో అతికిస్తే పూడిక తీసే దారి మూసుకుపోయి, మొదటి పెద్ద వానకు మురుగు ఇళ్లలోకి వస్తుంది.

చెట్టు చుట్టూ కట్టేటప్పుడు మరింత శ్రద్ధ కావాలి. మన పట్టణాలలో రచ్చబండ పేరుతో ఎన్నో మంచి చెట్లను చంపుకున్నాము. మొదలు చుట్టూ గోడ కట్టి లోపల మట్టి నింపితే బెరడు తడికి కుళ్లుతుంది, వేళ్లకు గాలి అందదు. చెట్టు వెంటనే ఎండదు, మూడు నాలుగేళ్లలో పై కొమ్మల నుంచి ఎండుతూ వస్తుంది. అప్పుడు కారణం ఎవరికీ గుర్తుండదు. 2013లో పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చెట్ల విషయంలో మొదలు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని ఆదేశించింది. మీరు అంతకన్నా ఎక్కువగా, నాలుగు అడుగులైనా మట్టి నేల వదలండి. నేల ఎత్తు పెంచకండి. చుట్టూ వరుస పునాది తవ్వే బదులు, వేళ్ల మధ్య సందు చూసి విడివిడి రాతి దిమ్మెలు నిలిపి, వాటి మీద బండ పరచండి. బొటనవేలికన్నా లావైన వేరు అడ్డు వస్తే దిమ్మెను జరపండి, వేరును నరకకండి.

కొత్త చెట్టు నాటాలంటే తొలకరి సరైన కాలం. నీడకు వేప, కానుగ, పొగడ మంచివి. రావి, మర్రి విశాలమైన మట్టి నేలలోనే వేయాలి, గోడల పక్కన వేస్తే వాటి వేళ్లు పగుళ్లు తెస్తాయి. ఏడాకుల పాల త్వరగా పెరుగుతుందని వేయకండి. చలికాలం మొదట్లో దాని పూల ఘాటైన వాసనను చాలామంది భరించలేరు. విశాఖపట్నంలో ఆ చెట్లు బాగా ఉన్న వీధులవారు ఏటా చెప్పే కష్టమిది. కరెంటు తీగల కింద పారిజాతం, నందివర్ధనం వంటి చిన్నవే వేయండి. పెద్ద చెట్టు వేస్తే లైన్ల వారు వచ్చి ఏటా సగానికి నరికేస్తారు.

దీపం విషయంలో ఒకే మాట. కొమ్మల పైన వెలిగే దీపం వల్ల కింద చీకటే మిగులుతుంది. పది పన్నెండు అడుగుల ఎత్తులో, ఆకులకు దిగువన, మనిషి ముఖం కనిపించేలా వెలుతురు ఉండాలి. దానిని పురపాలక సంస్థ చేతనే పెట్టించండి, స్తంభం నుంచి సొంతంగా తీగ లాగకండి.

డబ్బు, నియమాలు, నిర్వహణ

ఒక్కరే పెద్ద మొత్తం ఇస్తామంటే నమస్కరించి వద్దనండి. బల్ల మీద ఒకరి పేరు చెక్కితే మిగిలినవారికి అది పరాయిదవుతుంది. ఇంటికి కొద్దికొద్దిగా నెలనెలా తీసుకుని, ఖర్చు లెక్కను అక్కడే నల్లబల్ల మీద రాయండి. బ్యాంకు ఖాతా కావాలనుకుంటే 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిసి సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. ఇస్త్రీ బండి, టీ బండి, కూరగాయల బండి వారిని అక్కడి నుంచి పంపించే ఆలోచన చేయకండి. వారికి 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం రక్షణ ఉంది. అంతకుమించి, ఉదయం నుంచి రాత్రి వరకు ఆ చోటిని కనిపెట్టుకుని ఉండేది వారే. వారు ఉన్నంతసేపు ఆడపిల్లలు ధైర్యంగా కూర్చుంటారు.

నియమాలు అయిదుకు మించకుండా, గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదన్నది ఎలాగూ చట్టమే. పొగ, మద్యం వద్దన్న మాట, ఆ చోటు కులమతాలకు, అద్దెవారు సొంతవారన్న తేడాకు అతీతమన్న మాట అందులో ఉండాలి. గేటు, తాళం మాత్రం పెట్టకండి. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటే ఆ చోటు వారిదైపోతుంది.

ఊడ్చే వంతును ఇళ్ల వరుసలో వేసుకోండి. పారిశుద్ధ్య కార్మికుల మీదే మొత్తం భారం వేయకుండా, వారు అక్కడ కూర్చుని టీ తాగే హక్కు అందరితో సమానంగా వారికీ ఉందని మీ నడవడికతో చూపించండి. ఏటా మే చివరి వారంలో కాలువ బండలు లేపి పూడిక తీయించాలి, ఎండు కొమ్మలను అనుమతితో కొట్టించాలి, కదిలిన బండలను సరిచేయించాలి. ఆ వారంలోనే మొదటి నాటి నోటు పుస్తకాన్ని తీసి, అవే వేళలలో మళ్లీ మనుషులను లెక్కించండి. ఏ మూలలో ఎవరూ కూర్చోవడం లేదని తేలితే, ఆ బండను ఊడదీసి జనం నిలబడుతున్న చోటికి మార్చండి.